మూడు పూతలు

ఆరా అత్తకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. బీమా కంపెనీలో క్లెయిములు నిజమో కాదో తేల్చే ఉద్యోగం ఇరవయ్యేడేళ్లు చేసింది. అన్నేళ్లూ ఆమెకిచ్చిన కుర్చీ కొత్తదానిలాగే ఉండిపోయింది. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు సరదాకి ఆ కుర్చీనే బహుమతిగా కట్టించి పంపారు. ఇప్పుడు దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టి పెట్టుకుంటోంది. ఏ సంగతైనా ఆరా తీయందే వదలదు గనక ఆరా అత్త అయింది. అసలు పేరు ఆమెకే సంతకం పెట్టేటప్పుడు తప్ప గుర్తురాదు.

ఆ గురువారం మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలకు ఆమె గాలిమరల షెడ్డులోని అచ్చుల గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఐదింటికి ఒక అమ్మాయిని పోలీసులు తీసుకుపోతారు. ఆ అమ్మాయి ఏ పాపమూ ఎరగదని ఆమె మనసు చెబుతోంది. మనసు చెప్పినదాన్ని ఎవరికీ చేతిలో పెట్టి చూపించలేం కదా.

సంగతేమిటంటే, మూడువందల పన్నెండు కుటుంబాలు కలిసి పెట్టుకున్న గాలి సంఘం అది. మూతపడిన బిస్కెట్ల ఫ్యాక్టరీ షెడ్డును బాగుచేసుకుని, గాలిమరలు తామే తయారుచేసుకుంటున్నారు. ఇంటికో వాటా. కరెంటు వస్తే అందరిదీ, రాకపోతే అందరి నోట్లో మట్టీ. రెండు టవర్లు నిలబెట్టారు. ఒకటి షెడ్డు వెనకే ఉంది, రెండోది ఎదురు గుట్ట మీద. రేపు శుక్రవారం పదింటికి తనిఖీ ఆఫీసరు వస్తాడు. ఆయన సరే అంటే మూడువందల పన్నెండు ఇళ్లలో దీపాలు వెలుగుతాయి. కాదంటే అనుమతి పోయినట్టే, మళ్లీ మొదటికి.

నిన్న బుధవారం, సరిగ్గా రెండూ నలభైకి, మొదటి టవరు మీద రెక్కల మేస్త్రి బోల్టు బిగిస్తుండగా, బ్రేకు వేసి ఆపిన రెక్కలు తిరిగాయి. రెక్క ఆయన భుజాన్నీ తలనూ కొట్టింది. నడుముకు కట్టుకున్న బెల్టు పుణ్యమా అని కింద పడలేదు. నలభై నిమిషాలు గాలిలో వేలాడాడు. ఇప్పుడు ఆసుపత్రిలో తెలివి లేకుండా పడున్నాడు. ఆ సమయంలో టవరు కింద ఉన్నది ఒక్కరే. ఆయన కోడలు.

ఆ సంఘంలో ఒక నియమం ఉంది. టవరు ఎక్కేవాళ్లు కింద బ్రేకు లివరును దించి, దానికి తమ సొంత తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని ఎక్కాలి. దిగి వచ్చి తామే తీయాలి. ఒకరి తాళం ఇంకొకరు ముట్టుకోకూడదు. మేస్త్రి మెడలో ఒక తాళంచెవి ఉంది. రెండోది ఇంట్లో ఉంటుంది. అదే ఇంట్లో కోడలూ ఉంటుంది. పైగా పొద్దున షెడ్డంతా వినేలా మామా కోడళ్లు పోట్లాడుకున్నారు. ఇన్‌స్పెక్టరుకు ఇంకేం కావాలి?

అయితే ఆరా అత్తను పిలిచింది ఎవరనుకున్నారు, మేస్త్రి భార్యే. ఆసుపత్రి వరండాలోంచి ఫోను చేసింది. “వదినా, ఈయన ఎలాగూ ఇక్కడ పడున్నాడు. ఆ పిల్లను కూడా తీసుకుపోతే నేను ఎవరికోసం ఇంటికెళ్లాలి?” అంది. ఆ ఒక్క మాటకే ఆరా అత్త చెప్పులేసుకుంది.

“కూర్చోండత్తా. మీరలా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి,” అంది అచ్చుల అక్క, చేతిలో పని ఆపకుండానే.

రెక్కలు పోతపోసే అచ్చులన్నీ ఆవిడ చేతిలోవే, అందుకే ఆ పేరు. నలభై అయిదేళ్లుంటాయి. నిండైన మనిషి, నవ్వు ముఖం. అన్నం తెచ్చుకోవడం మరిచిపోయినవాళ్లకోసం రోజూ ఒక డబ్బా ఎక్కువ తెస్తుంది. నిన్న మేస్త్రితో పాటు అంబులెన్సు ఎక్కింది కూడా ఆవిడే. ఆ షెడ్డులో ఎవరి గోడైనా ముందు ఆవిడ చెవినే పడుతుంది.

అచ్చు పడవంత పొడుగుంది. దాని లోపలి వైపున ఆవిడ మడతపెట్టిన గుడ్డతో మైనం రుద్దుతోంది. చిన్న చిన్న సున్నాలు, ఎడమ నుంచి కుడికి. అంచు దగ్గరికి రాగానే గుడ్డను బొటనవేలికి చుట్టి, అంచు వెంబడే ఒక్క లాగుడు. మళ్లీ సున్నాలు. గది వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనంలో మైనం వాసన ముక్కుకు, చీరకు, జుట్టుకు పట్టేస్తోంది.

“ఎన్నిసార్లు రుద్దుతావమ్మా?”

“మూడు పూతలు. పుయ్యాలి, ఆరనివ్వాలి, మెరిసేదాకా తుడవాలి. మళ్లీ పుయ్యాలి. అలా మూడు. ఎక్కడైనా తుడవడం తప్పామా, రెక్క అచ్చును పట్టుకుని వదలదు. పగలగొట్టి తియ్యాల్సిందే.”

“రెండుతో సరిపెట్టేస్తే?”

“సరిపెట్టొచ్చు గానీ చెయ్యి ఒప్పుకోదు. ఇంట్లో పెనం తోమినా మూడుసార్లే. మా ఆయన, ‘పెనంలోంచి కూడా రెక్క తీస్తావా ఏమిటే’ అంటాడు.”

ఆరా అత్త నవ్వింది. “ఈ పని ఇంకెవరికొచ్చు?”

“నాకూ మేస్త్రిగారికీ. పిల్లలు చేస్తారు గానీ మధ్యలో తుడవడం ఎగ్గొడతారు.” ఆవిడ గుడ్డతోనే కళ్లు ఒత్తుకోబోయి, మైనం గుర్తొచ్చి, మోచేత్తో ఒత్తుకుంది. “ఆయన లేచొస్తే చాలత్తా.”

అప్పుడే నారింజరంగు హెల్మెట్టు చంకలో పెట్టుకుని, పనిముట్ల సంచి భుజాన వేసుకుని మేస్త్రి కోడలు వచ్చింది. వైరింగు పనంతా ఈ అమ్మాయిదే. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. రెండో టవరు పైన ఒక కనెక్షను మిగిలిపోయింది. అది ఇవాళ పూర్తికాకపోతే రేపు తనిఖీకి నిలవదు. ఆ పని వచ్చిన మనిషి ఇంకొకరు లేరు. అందుకని ఇన్‌స్పెక్టరు ఐదింటిదాకా గడువిచ్చాడు. హామీ సంతకం పెట్టిన మనిషి పక్కనే ఉండాలన్న షరతు మీద.

“మీరు మాట్లాడుకోండి. నేను బండి తీస్తాను,” అని అచ్చుల అక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్లింది.

ఆరా అత్త సూటిగా మొదలుపెట్టింది. “నిన్న మధ్యాహ్నం ఏ టైముకేం జరిగిందో చెప్పమ్మా.”

“రెండూ పదికి మామయ్య ఎక్కారు. బ్రేకు వేసి, తాళం వేసుకునే ఎక్కారు. నేను కింద పనిముట్ల తాడు పట్టుకుని ఉన్నాను. రెండూ నలభైకి గాలి ఒక్కసారిగా విసిరింది. రెక్క కదిలింది. నేను లివరు వైపు చూశానత్తా. అది దించే ఉంది. తాళం దానికే ఉంది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన వేసుకోవడం లేదు.”

“నేను వేసుకుంటున్నాను. రెండో తాళంచెవి?”

“పంచదార డబ్బాలో. పోలీసులు అక్కడే తీశారు.”

“పొద్దున గొడవెందుకు?”

“నిన్న ఎక్కాల్సింది నేను. పట్టికలో నా పేరే ఉంది. రెండు రోజుల నుంచి నాకు జ్వరం. మామయ్య నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, ఇవాళ నువ్వెక్కొద్దన్నారు. ఎక్కుతానన్నాను. నా మాటంటే లెక్కలేదా అని ఆయన, నా పనంటే నమ్మకం లేదా అని నేను. అరుపులు అందరూ విన్నారు. జ్వరం మాట ఒక్కరూ వినలేదు.”

“బ్రేకును ఈ మధ్య విప్పారా?”

“సోమవారం. తనిఖీ కోసం రెండు టవర్ల బ్రేకు షూలకూ కొత్త లైనింగు అంటించాం. రెక్కలు తిరగకుండా గట్టిగా పట్టుకునేవి అవే. జిగురు గట్టిపడాలంటే వేడి కావాలి గనక రాత్రికి ఈ గదిలోనే ఉంచాం. మంగళవారం పొద్దున పెట్టెల్లో అమర్చి, మూత బిగించే ఇచ్చారు. మేం పైకెక్కించి తగిలించాం.”

ఆరా అత్త గదిలో ఇంకో చుట్టు తిరిగింది. “నీకెవరితోనైనా పేచీ ఉందా?”

అమ్మాయి హెల్మెట్టు పట్టీని సాగదీసి వదిలింది. “పేచీ కాదు. ఆదివారం ఒకటి చూశాను. ఊరికే చూసుంటే బాగుండేది, అడిగేశాను. శనివారం సభ్యుల మీటింగులో తామే చెప్పుకుంటామన్నారు. అప్పటిదాకా నోరెత్తనని మాటిచ్చాను.”

“ఎవరికి?”

“మాటిచ్చానన్నాను కదత్తా.”

“మీ మామయ్య ఆసుపత్రిలో ఉన్నాడమ్మాయ్.”

“దీనికీ దానికీ సంబంధం లేదత్తా. పాపం, వాళ్లూ ఏదో అవసరంలో…” అంటుండగా బయట స్కూటరు హారను మోగింది. “నాలుగింటికల్లా ఎక్కితే ఐదింటికి దిగొచ్చమ్మా, గాలి కూడా నెమ్మదిగానే ఉంది,” అని అచ్చుల అక్క కేకేసింది. అమ్మాయి సంచి సర్దుకుని పరుగెత్తింది.

స్కూటరు గేటు దాటేసరికి గోడ గడియారం మూడూ ఇరవై అయిదు.

*

షెడ్డు పక్కన మెట్లెక్కి వెళితే గాలి కాపలా గది. పైకప్పు మీద చిన్న గిన్నెల చక్రం గాలికి తిరుగుతుంటే, లోపల డయల్ మీద ముల్లు గాలి వేగం చూపిస్తుంది. రోజుకో సభ్యుడు వంతులవారీగా కూర్చుని, అరగంటకోసారి ముల్లు చూసి పుస్తకంలో రాయాలి. ముల్లు ఎనిమిది దాటితే ఎర్రజెండా ఎగరేయాలి. జెండా ఎగిరితే టవరు మీద మనిషి ఉండకూడదు.

నిన్న కాపలా కూర్చున్నది పోస్టుమాన్ మామయ్య. రిటైరై ఆరేళ్లయినా ఖాకీ టోపీ వదలని మనిషి. సాక్ష్యం చెప్పాలని ఇన్‌స్పెక్టరు ఈరోజు కూడా రప్పించి కూర్చోబెట్టాడు. ఆరా అత్త నిలబడే పుస్తకం తిరగేసింది.

“నిన్న గాలి పెద్దగా లేదన్నమాట.”

“లేదమ్మా. రాశాను కదా. రెండింటికి ఐదు. రెండున్నరకు ఐదు.”

“మూడింటికీ ఐదే.”

“ఐదే.”

“మూడున్నరకు నాలుగున్నర. నాలుగింటికి నాలుగు. ఐదింటి దాకా పొల్లుపోకుండా రాశారు. కళ్లజోడు పెట్టుకునే చూశారా మామయ్యా?”

“కళ్లజోడు లేకుండా నేను మా ఆవిడనే పోల్చుకోలేను. పెట్టుకునే చూశాను.”

“మరి మూడింటికి మీరెక్కడున్నారు?”

“ఎక్కడుంటానమ్మా, అందరితో పాటు తాడు పట్టుకున్నాను. మేస్త్రిని దింపేసరికి మూడూ ఇరవై అయింది. ఆ తర్వాత ఆయన చెప్పులు పట్టుకుని అంబులెన్సు దాకా…” అక్కడ ఆయన ఆగిపోయాడు. టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

ఆరా అత్త పుస్తకాన్ని ఆయన వైపు తిప్పి, మూడింటి గడి మీద వేలు పెట్టింది.

“పొద్దున్నే రాసేస్తాం,” అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. “నేనొక్కణ్నే కాదమ్మా, అందరం అంతే. రోజూ గాలి ఒకేలాగుంటుంది కదాని, పొద్దున వచ్చీరాగానే సాయంత్రం దాకా నింపేసి, హాయిగా పేపరు చదువుకుంటాం. ఎవరి వంతులో ఎవరు అలా చేస్తారో షెడ్డులో అందరికీ తెలుసు.”

“నిన్న నిజంగా ఎంతుంది గాలి?”

“ముల్లు చూడలేదు. కానీ రెండున్నర దాటాక నా టోపీ ఎగిరిపోయింది. కంచె అవతల పడింది. దాని వెంట పరుగెత్తి పట్టుకునొచ్చేసరికి కేకలు వినిపించాయి.” ఆయన కళ్లు చెమర్చాయి. “ఆ గాలికి జెండా ఎగరేసుంటే మేస్త్రి దిగొచ్చేసేవాడు కదమ్మా. రాత్రంతా అదే ఆలోచన. ఈ ముక్క ఇన్‌స్పెక్టరుకు చెబితే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?”

“మీ ముఖం ఉన్నచోటే ఉంటుంది. మీరు చెప్పకపోతే ఆ పిల్లే ఉన్నచోట ఉండదు.”

“నిన్న అసలు నా వంతే కాదమ్మా. బదులు కూర్చోమంటే కాదనలేక…”

కింద జీపు వచ్చి ఆగింది. కిటికీలోంచి తొంగిచూసిన ఆరా అత్తకు నెత్తిన టోపీ సర్దుకుంటూ దిగుతున్న ఇన్‌స్పెక్టరు కనిపించాడు. ఆమె మెట్టు విడిచి మెట్టు దిగింది.

*

ఇన్‌స్పెక్టరు ఆమె చనిపోయిన భర్తకు తమ్ముడు. పెళ్లినాటికి వాడు నిక్కరు వేసుకుని ఆమె పెట్టెలోంచి బొత్తాలు దొంగిలించేవాడు. ఆ మొదటి దొంగతనాన్ని ఆమే పట్టుకుంది. ఆ కోపం ఆయనకు ఇప్పటికీ పోలేదని ఇంట్లో అందరూ అనుకుంటారు.

“వదినా, నాలుగయింది. మీకింకో గంట,” అన్నాడు.

“గంట చాలు మరిదిగారూ. మీరు నిన్నటి నుంచి పట్టుకుని కూర్చున్న పుస్తకం ఉందే, అది పొద్దున్నే నింపేసింది. ముల్లు ఎవరూ చూడలేదు. టోపీ ఎగిరిపోయేంత గాలి వేసిందట.”

“ఎవరి టోపీ?”

“మీ సాక్షిది.”

“అయితే కోర్టులో టోపీని బోనెక్కిస్తాను. వదినా, మీరు బీమా కేసులు చూశారు, నేను నేరాలు చూశాను. గాలి ఐదైనా పదైనా, వేసిన బ్రేకు వేసినట్టుంటే రెక్క తిరగదు. తిరిగిందంటే లివరు ఎవరో ఎత్తారు. తాళం తీయందే లివరు ఎత్తలేరు. రెండో తాళంచెవి ఎవరింట్లో ఉంది? కింద ఎవరున్నారు? ఎత్తింది, మనిషికి దెబ్బ తగిలాక దించి మళ్లీ తాళం వేసింది. ఇందులో ఆరా తీయడానికేముంది?”

“మొదటి ముక్క భలే చెప్పారు. వేసిన బ్రేకు పట్టుకోవాలి. పట్టుకుందో లేదో చూశారా?”

“తాళం చూశాను. లివరు చూశాను.”

“బ్రేకు చూశారా?”

ఆయన టవరు వైపు చూశాడు. మేస్త్రిని దింపిన అగ్నిమాపక సిబ్బంది బ్రేకు పెట్టెను కూడా విప్పి కిందికి దించారు. అది టవరు మొదట్లో రేకుల పాక కింద, టార్పాలిన్ మీద, పోలీసు సీలుతో ఉంది.

“సీలు వేసిన వస్తువు వదినా.”

“వేసింది మీరే కదా, మీరే విప్పండి. లోపల ఏ లోపమూ లేకపోతే ఐదింటికి ఆ పిల్లను నా చేతులతో నేనే స్టేషనుకు తెస్తాను. బొత్తాల సంగతి కూడా ఇకమీద ఎత్తను.”

జీపు పక్కన నిలబడ్డ కానిస్టేబులు దగ్గాడు. ఇన్‌స్పెక్టరు ముఖం మాడ్చుకుని పాకలోకి నడిచాడు. సీలు తీసి, స్క్రూడ్రైవరు తెప్పించి, నాలుగు మరలూ తనే విప్పి మూత ఎత్తాడు.

ఆరా అత్త వంగింది. ముందుగా ఆమెకు వాసన తగిలింది. మైనం. అచ్చుల గదిలో అంతసేపున్నాను కదా, చీరకు పట్టిందనుకుని కొంగు వాసన చూసుకుంది. కొంగులో కొంచెమే ఉంది. మళ్లీ పెట్టె మీదికి వంగింది.

లోపల చంద్రవంకల్లాంటి రెండు షూలు. ఒకదాన్ని జేబురుమాలుతో పట్టుకుని బయటికి తీసి వెలుతురులో పెట్టింది. లైనింగు గరుకుగా, మసిబారి ఉండాల్సిన చోట అద్దంలా మెరుస్తోంది. రాపిడికి మధ్యలో పోయింది గానీ, అంచుల దగ్గర నిలిచే ఉంది. ఆమె దాన్ని పక్కనున్న బల్ల మీద ఏటవాలుగా ఆనించి, ఇన్‌స్పెక్టరు జేబులోని పెన్ను లాగి దాని మీద పెట్టింది. పెన్ను సర్రున జారి కింద పడింది.

“గ్రీజు,” అన్నాడు ఆయన నెమ్మదిగా. “ఎవరో గ్రీజు పూశారు.”

“గ్రీజు అయితే జిడ్డుగా ఉంటుంది, ధూళి అంటుకుంటుంది. ఇది మైనం. అచ్చుకు పూసే మైనం. గాలి మెల్లగా ఉన్నప్పుడు పట్టుకున్నట్టే ఉంటుంది. విసిరిందా, జారిపోతుంది. ఎక్కేముందు బ్రేకు వేసి చూసుకున్నా ఎవరికీ అనుమానం రాదు. ఆ పిల్ల చెప్పింది నిజమే నాయనా. లివరు కదల్లేదు.”

“షెడ్డులో మైనం డబ్బాలు పాతికున్నాయి. ఎవరైనా పూసుండొచ్చు.”

ఆమె షూను కళ్ల దగ్గరగా తెచ్చుకుంది. పక్కకు వంచింది. వెలుతురు పడిన కొద్దీ మెరుపులో గీతలు కనిపించాయి. చిన్న చిన్న సున్నాలు, ఎడమ నుంచి కుడికి. అంచు వెంబడి బొటనవేలంత వెడల్పున ఒక్క లాగుడు. ఆమె షూను మెల్లగా బల్ల మీద పెట్టింది.

“ఏమిటి వదినా?”

“మీరైతే ఏం చేసేవారు? బ్రేకు జారాలంటే వేలితో ఇంత మైనం తీసి, పులిమి, ఎవరూ చూడకముందే బయటపడేవారు. నేనైనా అంతే. ఈ మనిషి పూసి, ఆరనిచ్చి, మెరిసేదాకా తుడిచింది. మళ్లీ పూసింది. మూడు పూతలు. చంపడానికి పూస్తూ కూడా మధ్యలో తుడవడం మానలేకపోయింది. పని వచ్చిన చెయ్యి నాయనా, దానికి ఇంకోలా చెయ్యడం రాదు.”

“ఆ పని ఎవరికొచ్చు?”

“ఇద్దరికి. ఒకరు మేస్త్రి.”

“మేస్త్రే కోడలికోసం పూసుండొచ్చుగా? పట్టికలో పేరు ఆమెదే.”

“పూసినవాడు జ్వరమని ఆమెను ఆపి, తనే ఎక్కుతాడా?” ఆమె అప్పటికే నడుస్తోంది. పాక గోడకు కాపలా వంతుల కాగితం అంటించి ఉంది. బుధవారం గడిలో ఒక పేరు కొట్టేసి, పైన పోస్టుమాన్ మామయ్య పేరు రాశారు. కొట్టేసిన గీత కింద పేరు చక్కగా చదవొచ్చు. జెండా ఎగరేయని మనిషిని ఎంచుకుని మరీ బదులు కూర్చోబెట్టారు. సోమవారం రాత్రి రెండు జతల షూలూ ఎవరి గదిలో ఉన్నాయి? మంగళవారం పెట్టెల్లో అమర్చి మూత బిగించి ఇచ్చిందెవరు? ఆదివారం చూసినదాన్ని ఆ పిల్ల ఎవరిని అడిగి ఉంటుంది, ఎవరికి మాటిచ్చి ఉంటుంది? ఎవరి గోడైనా చెప్పుకునేది ఎవరితో?

రెండు జతలు.

ఆరా అత్త ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. “నాయనా, ఆ పిల్లకు హామీ సంతకం ఎవరు పెట్టారు?”

ఇన్‌స్పెక్టరు జేబులోంచి కాగితం తీశాడు. చదవాల్సిన పనిలేకపోయింది, ఇద్దరికీ తెలుసు. అయినా ఆయన చదివాడు. చదివి, కాగితం మడవడం కూడా మరిచిపోయి, “జీపు తియ్యి,” అన్నాడు కానిస్టేబులుతో.

*

గుట్ట దగ్గరికి పదిహేను నిమిషాల దారి. పావు దారిలో ఆరా అత్త అమ్మాయికి ఫోను చేసింది. నాలుగుసార్లు మోగాక తీశారు.

“చెప్పండత్తా.” అచ్చుల అక్క గొంతు. అదే నెమ్మది, అదే చల్లదనం.

“అమ్మాయికివ్వవూ?”

“పైకెక్కిందత్తా, పావుగంటయింది. ఎక్కేవాళ్ల ఫోను కిందివాళ్ల దగ్గరే ఉండాలి కదా. మా నియమం.”

“ఒక్కసారి దిగమని కేకెయ్యమ్మా. వాళ్ల మామయ్య కళ్లు తెరిచాడట. కోడలు కావాలంటున్నాడట.”

ఫోనులో గాలి మోత వినిపించింది. పొద్దుటి గాలి కాదది. నిన్న టోపీని ఎగరేసిన గాలి.

“ఏమన్నాడు?” అంది అచ్చుల అక్క.

ఎలా ఉన్నాడని అడగలేదు. ఏమన్నాడని అడిగింది. ఆరా అత్త కళ్లు మూసుకుని తెరిచింది. “ఏమీ అనలేదమ్మా. కోడలితోనే చెబుతానంటున్నాడట.”

“జీపులో ఉన్నారా అత్తా? మోత వినిపిస్తోంది.”

“ఆసుపత్రికి బయల్దేరాం. మీ ఇద్దర్నీ ఎక్కించుకుపోదామని.”

“ఆసుపత్రి ఇటు కాదుగా.” చిన్న నిట్టూర్పు. “మధ్యాహ్నం నా చేతులవంకే చూస్తున్నారు మీరు. మూడు పూతల సంగతి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పడం కూడా అలవాటైపోయింది.”

“వినమ్మా. మేస్త్రి బతికే ఉన్నాడు. ఇంతవరకూ ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆదివారం ఆ పిల్ల ఏం చూసినా, దానికి దారి దొరుకుతుంది. ఆ పిల్లను దింపు. కేకెయ్యి.”

“మా అచ్చునే వేరేవాళ్లు పోత తీసుకున్నారత్తా. డబ్బు తీసుకుని నేనే తీసుకోనిచ్చాను. మూడువందల పన్నెండు ఇళ్లవాళ్ల ముందు నిలబడి ఆ మాట ఎలా చెప్పను? అందరికీ అన్నం పెట్టిన ముఖంతో.”

“నేను పక్కన నిలబడతాను.”

గాలి మోత. ఆ తర్వాత ఫోను దేనిమీదో పెట్టిన చప్పుడు. కట్ కాలేదు. చెప్పుల అడుగులు దూరమవుతున్నాయి. టవరు వైపో, స్కూటరు వైపో తెలియడం లేదు.

జీపు మలుపు తిరిగింది. ఎదురు గుట్ట మీద రెండో టవరు నిలువునా కనిపించింది. దాని కొన దగ్గర, రెక్కల వెనక, నారింజరంగు చుక్క ఒకటి వంగి పనిచేసుకుంటోంది. గుట్ట కిందివైపు గడ్డి ఒక్కసారిగా ఒకవైపుకు పడుకుంది. ఆ గాలి గుట్ట ఎక్కుతుండటం కంటికి కనిపిస్తోంది.

“హారను కొట్టు,” అంది ఆరా అత్త. “ఆపకుండా కొట్టు.”

కానిస్టేబులు హారను మీద చెయ్యి పెట్టి తీయలేదు. నారింజ చుక్క తల ఎత్తలేదు. అంత ఎత్తులో, ఆ గాలిలో, ఏ మోత ఏదో ఎలా తెలుస్తుంది?

పై రెక్క వణికింది. ఒక బెత్తెడు జరిగింది. ఆగింది. మళ్లీ జరిగింది.

ఇన్‌స్పెక్టరు ముందు సీటు పట్టుకుని లేచినంత పనిచేశాడు. దుర్భిణి కళ్లకు ఆనించుకుని, “వదినా, లివరు దించే ఉంది. తాళం కూడా కనిపిస్తోంది. బ్రేకు వేసే ఉంది,” అన్నాడు, ఎవరైనా ఔనంటే బాగుండునన్నట్టు.

“వేసే ఉంది నాయనా,” అంది ఆరా అత్త. “నిన్న కూడా వేసే ఉంది.”